ముందుగది టేబుల్ మీది లాప్‌టాప్

చిత్తూరు,
ఆగస్టు

హృషీ,

తప్పు నీదే. ఈ కాగితం చేతిలో పట్టుకుని "అక్క మళ్ళీ మొదలుపెట్టింది" అని నిట్టూరుస్తున్నావే, ఆ నీదే. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా "సరే" నొక్కే మనిషివి నువ్వు. కంపెనీవాడు అడిగినా సరే, ఆఫీసులో పైవాడు కాగితం తోసినా సరే, ఇంట్లో మన మేనత్త పెరుందేవి గీత గీసినా సరే. నీ బతుకంతా ఒక పెద్ద సరే. ఆ సరేలన్నీ కలిసి ఇప్పుడు లోహిత లాప్‌టాప్‌లో చేరి దాన్ని చంపుతున్నాయి.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏంటంటావా? ఫోన్లో నువ్వు ఊ, ఊ అని పెట్టేస్తావు. రేపు అడిగితే ఏ ఊ దేనికో నీకే తెలియదు. కాగితం మీద అయితే నీ మాట నీకే అడ్డం నిలబడుతుంది. జవాబు కూడా కాగితం మీదే రాయి.

సంగతి మళ్ళీ చెప్తాను, నీకు మరుపు జాస్తి గనక. లోహిత నా దగ్గర ఇంటర్ చదివిన పిల్ల. పులికాట్ ఒడ్డున పుట్టింది. తండ్రిది పడవ, తల్లిది రొయ్యలు ఒలిచే పని. ఆ ఒలిచే ఆడవాళ్ళ మీదే ఇప్పుడు నువ్వు పనిచేసే యూనివర్సిటీలో థీసిస్ రాస్తోంది. హాస్టల్ గదిలో నలుగురికి ఒకటే ప్లగ్గు, దొంగల భయం వేరే. అందుకని నా లాప్‌టాప్ ఆమెకిచ్చి, నీ ఇంటి ముందుగదిలో టేబుల్ మీద పెట్టించినాను. మంగళ, బుధ, గురువారాల మధ్యాహ్నాలు ఆమె వచ్చి రాసుకుంటుంది. ఆదివారం నువ్వు వాడుకుంటావు. ఇంతే కదా ఏర్పాటు? ఇంతమాత్రానికే నేను పొంగిపోయి పత్రికలో వ్యాసం కూడా రాస్తిని. మడి కట్టే ఇంటి ముందుగదిలో చేపలు పట్టేవాళ్ళ బిడ్డ కుర్చీ లాక్కుని కూర్చుందనీ, దానికి మా తమ్ముడే తలుపు తీసినాడనీ.

ఇప్పుడు అదే టేబుల్ మీద, ఆ పిల్ల పేజీ మధ్యలో ఉండగా తెర నీలంగా మారి చస్తోందట. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ చస్తుంది. దీపావళి లోపల థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ పోతుంది. నాలుగేళ్ళ పని. మీ ఆఫీసులో నీకు తెలియని రూలు కాదు.

కాబట్టి చెప్పింది చెయ్యి. నువ్వు సరే కొట్టి ఎక్కించిన కొత్త అప్‌డేట్ తీసేయి. సేఫ్ మోడ్‌లో ఒక పూట నడిపి చూడు. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడు. ఏం జరిగిందో రాయి. నాకు అలసటగా ఉందిరా. పేపర్లు దిద్ది దిద్ది వేళ్ళు తిమ్మిర్లు. ఈ మిషన్ సంగతైనా తేలనీ.

అక్క

*

తిరుపతి,
ఆగస్టు

అక్కకు, అక్క కోపానికి, ఇద్దరికీ నమస్కారం.

నువ్వు చెప్పినవన్నీ చేసినాను. అప్‌డేట్ తీసేసినాను. సేఫ్ మోడ్‌లో నడిపినాను. బ్యాటరీ మీద నడిపినాను, చార్జరు మీద నడిపినాను. ఆదివారం పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఎద్దు నడిచినట్టు నడిచింది. సంతోషపడి లోహితకు చెప్పినాను, "అమ్మాయ్, బాగయిపోయింది" అని. బుధవారం ఆ పిల్ల కూర్చున్న కాసేపటికి మళ్ళీ నీలం తెర. "సార్, పోయింది" అంటుంది. గట్టిగా కూడా అనదు. ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు అంటుంది.

మా ఆఫీసు కంప్యూటర్లు చూసే మునికుమార్‌ను కూడా అడిగినాను. "సార్, ర్యామ్ ఒకసారి పీకి, తుడిచి, మళ్ళీ పెట్టండి" అన్నాడు. ఆదివారం అదీ చేసినాను. మునికుమార్ మాట ఇంకోటి ఉండాది. మన ఇంట్లో గాలి తేమ అంట. టేబుల్ మీద ఒక్కోసారి చెమ్మగా ఉంటుంది కూడా. ఈ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి కదా.

ఆ పిల్లకు ఏ లోటూ చేయడం లేదు, నువ్వు దిగులు పడొద్దు. ఫ్యాన్ వేసి పెడతాము. మా ఆవిడ వకుళ కాఫీ కూడా ఇస్తుంది. ఆమెకు కడిగే పని లేకుండా పేపరు కప్పులు తెచ్చి పెట్టినాను. అత్త కూడా ఏమీ అనలేదు. నువ్వు రాసిన వ్యాసం ఆమెకు చదివి వినిపించినాను. విని, "మన కమలికి రాయడం బాగా వచ్చు" అనింది.

హృషీ

*

చిత్తూరు,
సెప్టెంబరు

హృషీ,

చెమ్మంట. మునికుమార్ చెప్పినాడంట. కంపెనీవాళ్ళను ఒక్క మాట అనడానికి ఈ దేశంలో ఎవడికీ నోరు రాదు గానీ వానను తిట్టమంటే అందరూ ముందుకొస్తారు.

నేను చెప్తా విను. ఈ యంత్రాలను చావడానికే చేస్తారు. మూడేళ్ళు దాటినాక ఒక్కో కొత్త బరువూ ఎక్కించి, పాతది ఆయాసపడుతుంటే "కొత్తది కొనుక్కో" అంటారు. మా కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్లను చేసేది ఇదే. మీ యూనివర్సిటీలో స్కాలర్లను చేసేదీ ఇదే. గడువు పెట్టు, పని చేసే చోటు ఇవ్వకు, పడిపోతే "వీళ్ళకు సామర్థ్యం లేదు" అని రాసెయ్. కొనగలిగినవాడి మిషన్ ఆగదు. ఇచ్చింది వాడుకునే పిల్ల మిషనే ఆగుతుంది. ఇది యాదృచ్ఛికం అని నాతో అనబాకు.

సరే, ఉపన్యాసం చాలు. లోహితకు ఫోన్ చేసి, ఏయే రోజు ఆగుతోందో అడిగినాను. మంగళవారం ఆగదు మేడం, బుధవారం ఆగుతుంది, గురువారం ఇంకా ఎక్కువ అనింది. అంతకు మించి ఏమడిగినా "ఏం లేదు మేడం" అనింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే.

నాకు అర్థమైంది. వరసగా వాడేకొద్దీ వేడి లోపల పేరుకుంటోంది. శుక్ర, శనివారాల్లో ఎవరూ ముట్టరు గనక చల్లారి, నువ్వు ఆదివారం కూర్చుంటే బుద్ధిగా నడుస్తోంది. అడుగున రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తు చెయ్యి. గాలి ఆడనీ. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు మూత వేయొద్దని చెప్పు, తెరిచే ఉంచి చల్లారనీ. ఇది నా ఆర్డర్ అనుకో.

అక్క

*

తిరుపతి,
సెప్టెంబరు

అక్కా,

నీ ఆర్డర్ ప్రకారం చెక్కముక్కలు పెట్టినాను. మూత తెరిచే ఉంచమన్నాను. ముందుకన్నా ఘోరమైంది. గురువారం ఆ పిల్ల ఆన్ చేస్తే ఎంతకో గానీ లేవలేదు. "క" నొక్కితే పేజీ నిండా "క" లే. తర్వాత నల్లగా పడుకుంది.

నాకు తెలిసిన పరీక్షలన్నీ అయిపోయినాయి. ర్యామ్ పరీక్ష, డిస్కు పరీక్ష, అన్నీ బాగున్నాయనే వస్తుంది. ఒక మాట చెప్తాను, ఎగిరి పడొద్దు. నేను వాడితే ఆగదు. ఆ పిల్ల వాడితే ఆగుతుంది. మిషన్‌లో దోషం లేదంటే వాడే చేతిలో ఉండాలి కదా? ఏవేవో దించుకుంటుందేమో, ఎవరెవరివో పెన్‌డ్రైవులు పెడుతుందేమో. అత్త అన్నట్టు, "ఏ వస్తువైనా దాని చోట అది ఉంటేనే నిలుస్తుందిరా."

ఆ పిల్ల గైడు శేషసాయి గారు కారిడార్‌లో కనబడి, "ఏమప్పా, ఆ అమ్మాయి మాటిమాటికీ కంప్యూటర్ పోయింది అంటుంది, గడువు పెంచమంటుంది, మీ ఇంట్లోనే కదా పని చేసేది, నిజమేనా?" అని అడిగినాడు. ఏం చెప్పాలి? మిషన్ మంచిదే సార్, వాడటం తెలియదు అన్నాను. ఆయన సరే అని పోయినాడు. గడువు పెంచమన్న కాగితం వెనక్కి వచ్చిందని తర్వాత తెలిసింది. నేను చెప్పినందుకే అని నువ్వు అనుకోవద్దు.

లాప్‌టాప్ బస్సు పార్శిల్‌లో పంపుతున్నా. నీ దగ్గరే చూపించు. ఆ పిల్లకు కూడా చెప్పినాను, ప్రస్తుతానికి రానక్కరలేదని. "సరే సార్" అనింది. కుర్చీ లోపలికి నెట్టి, టేబుల్ తుడిచి మరీ పోయింది.

హృషీ

*

చిత్తూరు,
అక్టోబరు

శ్రీ హృషీకేశ్ గారికి,

నీ ఉత్తరం, లాప్‌టాప్ రెండూ ఒకే రోజు చేరినాయి. ఉత్తరం చదివి నాలుగు పేజీల జవాబు రాసినాను. చించేసినాను. ముందు లాప్‌టాప్ సంగతి తేలనీ అనుకుని సంతపేటలో లోకేష్ రిపేరు అంగడికి తీసుకుపోయినాను.

లోకేష్ కీబోర్డు ఊడదీసి, వెనక్కి తిప్పి, కాసేపు చూసి నా మొహం చూసినాడు.

"ఏం మేడం, ఇది కంప్యూటరా, పులిహోర డబ్బానా?"

వంగి చూసినాను. అక్షరాల కింద పసుపు. ఎండి, పొరలు పొరలుగా అట్ట కట్టింది. లోపలి పలక మీద పచ్చగా తుప్పు. గాలి పోయే ఫ్యాన్ రెక్కకు ఎండిన తులసాకు ఒకటి అంటుకుని ఉంది. లోకేష్ వాసన చూసి, "కర్పూరం లాగా ఉందే" అన్నాడు. నాకు ఎవరూ చెప్పక్కరలేదు. అది పచ్చకర్పూరం. తీర్థంలో వేసేది. నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని. అంగట్లో నిలబడి నవ్వుదామనుకున్నాను, రాలేదు. కూర్చోవడానికి స్టూలు అడిగినాను.

"నీళ్ళు పడినాయి మేడం, ఒకసారి కాదు. పడతా ఉంటాయి, ఆరతా ఉంటాయి. ఆరినప్పుడు నడుస్తుంది, తడి ఉన్నప్పుడు ఆగిపోతుంది. మూత తెరిచి పెట్టినారేమో, ఈ మధ్య బాగా దిగినాయి."

మూత తెరిచి పెట్టమన్నది నేను. మంగళవారం ఎందుకు ఆగదో, ఆదివారం నీకు ఎందుకు నడుస్తుందో నాకు స్టూలు మీద కూర్చున్నాక తెలిసింది. రెండు మూడు రోజులు ఎవరూ చల్లకపోతే ఆరిపోతుంది. ఆ పిల్ల కూర్చుని లేచిన ప్రతి సాయంత్రం ఎవరో చల్లుతున్నారు.

డిస్కు దెబ్బతినలేదు. ఆ పిల్ల రాసింది చాలావరకు దక్కింది. కొత్త కీబోర్డు వేస్తే మిషన్ నడుస్తుందన్నాడు.

ఒకటే ప్రశ్న. నీకు ఎప్పటినుంచి తెలుసు?

కమలిని

*

తిరుపతి,
అక్టోబరు

అక్కకు,

జూలై నుంచి.

ఒక గురువారం తలనొప్పిగా ఉండి ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసినాను. ఆ పిల్ల అప్పుడే పోయింది. అత్త మడిచీరలో టేబుల్ దగ్గర ఉంది. చేత్తో తాకకుండా ఉద్ధరిణి కాడతో మూత ఎత్తి, పసుపునీళ్ళు చల్లింది. తర్వాత తీర్థం చల్లింది.

"ఏంటత్తా ఇది?" అన్నాను.

"ఏంటేంటిరా? ఆ పిల్లను రానిస్తానన్నావు. నేను కాదన్నానా? నీ మాట నువ్వు నిలబెట్టుకో, నా మడి నేను నిలబెట్టుకుంటాను."

"కరెంటు వస్తువు అత్తా, పాడైపోతుంది."

"ఆయుధపూజకు నీ స్కూటర్‌కు చల్లినాను. ఆగిపోయిందా? గ్రైండర్‌కు చల్లినాను. ఆగిపోయిందా? ఎవరు ముట్టుకుంటే ఆగుతుందో నాకు తెలీదు గానీ పెరుమాళ్ళ తీర్థం పడి ఆగిపోయే వస్తువు నేను చూడలేదు."

నాకు నవ్వొచ్చింది కూడా. రెండు చుక్కలు, ఏమవుతుందిలే అనుకున్నా. నిజంగానే ఆగడం మొదలైనప్పుడు, అదే కారణం అనుకోలేదు. తర్వాత అనుకున్నాను. తర్వాత అనుకోకుండా ఉండటానికి ర్యామ్ తుడిచినాను.

ఎందుకు చెప్పలేదంటావు. నీ వ్యాసం వల్ల చెప్పలేదు. మా ఆఫీసులో చదివినారక్కా. యూనియన్ వాళ్ళు వచ్చి చేయి కలిపినారు. శేషసాయి గారు అందరిముందూ "మన హృషీకేశ్ ఇల్లు చూసి నేర్చుకోవాలప్పా" అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను పేరు పెట్టి మెచ్చుకున్న మనిషి లేడు. ఫైలు తెచ్చేవాడిగానే తెలుసు నేను. అత్తను ఆపితే ఆ పిల్లను పంపేయమంటుంది. ఆ పిల్లను పంపేస్తే నీ వ్యాసం అబద్ధమవుతుంది. ఇద్దరూ ఉండాలంటే లాప్‌టాప్ ఆగాలి. అదే ఆగింది.

నువ్వు కూడా ఒకసారి ఆలోచించు. తలుపు తీసినానని రాసినావు గానీ, తలుపు తీసినాక ఇంట్లో ఏం జరుగుతోందో చూడటానికి ఒక్కసారైనా వచ్చినావా? మదనపల్లె మీటింగుకు పోయినావు, కర్నూలు మీటింగుకు పోయినావు. అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతికి రాలేకపోయినావు.

శేషసాయి గారికి చెప్పింది తప్పే. ఇప్పుడు ఏమని రాయమంటావు? మా అత్త నీళ్ళు చల్లిందని ఆఫీసు కాగితం మీద రాయాలా? నాకు ఓపిక లేదు. ఏం చేయాలో నువ్వే చెప్పు.

హృషీ

*

చిత్తూరు,
అక్టోబరు

తమ్ముడికి,

నీ చివరి మాట నిజం. నేను రాలేదు. దాని మీద వాదన లేదు.

నీ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి వద్దామని సంచి సర్దుకున్నాను. అత్తను నిలదీసి, నిన్ను నిలదీసి, ముందుగదిలో నిలబడి అరవాలనుకున్నాను. అప్పుడే లోహిత లాప్‌టాప్ తీసుకోవడానికి వచ్చింది. దాచే హక్కు నాకు లేదు గనక, నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చినాను. నిలబడే చదివింది. మడిచి, తిరిగి ఇచ్చింది.

"తెలుసు మేడం."

"ఏం తెలుసు?"

"గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చినా ఒక దినం. కిటికీలోంచి చూసినా. ఆ పొద్దునుంచీ రాంగానే ముందు చున్నీతో తుడుచుకునేదాన్ని. లోపలికి దిగుతాదని తెలీదు, పైనే అనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఫోన్ చేసి అడిగితిని కదా?"

"చెప్తే మీరు ఊరుకుంటారా? గొడవ పెడతారు. టేబుల్ పోతాది. నాకు టేబుల్ కావాల." నవ్వింది కూడా. "మా ఊళ్ళో ఉప్పుగాలికి టీవీలు పోతాయి, ఫోన్లు పోతాయి. తుడుచుకుని వాడుకుంటాం. అట్లాంటిదే అనుకున్నా. నీళ్ళు చల్లితే ఓర్చుకున్నా మేడం. వాడటం రాదు అన్నారంట చూడండి, అది ఓర్చుకోలేకున్నా."

నా సంచి చూసింది. "యాడికి మేడం?" అంది. తిరుపతికి అన్నాను.

"వద్దు. మీరు వస్తారు, అరుస్తారు, బస్సెక్కి వచ్చేస్తారు. రేపు ఆడ కూచోవాల్సింది నేను."

ఇన్నేళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్నాను. ఇంత సూటిగా నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. సంచి విప్పేసినాను. వేరే చోటు చూద్దాం, మా ఇంట్లోనే ఉండి రాసుకో అన్నాను. ఒప్పుకోలేదు. గైడు ఆడ, లైబ్రరీ ఆడ, ఆ టేబుల్ మీద మొదలుపెట్టింది ఆ టేబుల్ మీదే ముగిస్తానంది. అయితే నీకేం కావాలో చెప్పు, రాస్తాను అన్నాను. చెప్పింది. నేను మధ్యలో నాలుగు మాటలు కలిపినాను. మనువాదం, దోపిడీ, అట్లాంటివి. "అవి మీ వ్యాసంలో రాసుకోండి మేడం" అని కొట్టేయించింది. కాబట్టి కింద ఉన్నవి ఆమె కోరినవే, ఆమె చెప్పిన వరసలోనే. సరే అనే ముందు ఈసారి చదువు.

1. లాప్‌టాప్ ఎందుకు ఆగిందో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి, సంతకం చేసి, గైడుకు ఇవ్వాలి. తప్పు లోహితది కాదని అందులో ఉండాలి. నీళ్ళు ఎవరు చల్లినారో, ఎందుకు చల్లినారో కూడా ఉండాలి.

2. ఆ కాగితంతో గడువు పెంచమని మళ్ళీ అడగాలి. దీపావళి సెలవులు రాకముందే.

3. వాడటం తెలియదని కారిడార్‌లో చెప్పినారు గనక, తెలుసని కూడా కారిడార్‌లోనే చెప్పాలి.

4. థీసిస్ అయ్యేదాకా మంగళ, బుధ, గురువారాలు ముందుగది టేబుల్ ఆమెది.

5. లాప్‌టాప్ మీద, టేబుల్ మీద, కుర్చీ మీద ఎవరూ ఏ నీళ్ళూ చల్లకూడదు. ఆమె ఉన్నప్పుడు గానీ, పోయినాక గానీ.

6. పెరుందేవి అత్తతో ఎవరూ గొడవ పెట్టుకోకూడదు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాలి.

7. పేపరు కప్పులు వద్దు. దాహమైతే నీళ్ళు అడుగుతుంది. ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసులో ఇవ్వాలి.

కమలిని